సర్వర్‌ను హాస్టల్లో చేర్పించిన మేడం

మొన్న చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఒకావిడ ఫోన్లో ఎవరినో కడిగి పారేస్తోంది. "కథలన్ని తర్వాత చెప్పు! ముందు ఆన్‌ల ఉన్నదా, ఆఫ్‌ల ఉన్నదా, గది చెప్పు!" బెండకాయలు ఏరుతున్నదాన్ని చెయ్యి ఆపేసి గిర్రున వెనక్కి తిరిగాను. నీళ్ళ మోటారు గురించి కాబోలు ఆవిడ గొడవ. మా మేడం కాదు. కావడానికి వీల్లేదు కూడా, మేడం పోయి ఏడాది దాటింది. అలాంటప్పుడు ఎవరికైనా కళ్ళు తడవాలి. నాకేమో నవ్వు ఆగలేదు. బండి అతను అనుమానంగా చూసి, "ఏమైందక్కా, బెండకాయలు ముదిరినయా?" అన్నాడు.

ఆ మాట మేడం సొత్తు. ఎవరు ఏ కష్టం చెప్పబోయినా ముందు అదే అడిగేవారు. నెట్ రావట్లేదన్నా అదే, మిక్సీ తిరగట్లేదన్నా అదే. ఒకసారి ఎదురింటి ముసలాయన్ని ఆస్పత్రిలో చేర్చారని చెబితే "ముందు ఆన్‌ల ఉన్నదా..." అనేసి, నాలిక కరుచుకుని, ఆ సాయంత్రమే యాపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళి చూసొచ్చారు. అదీ మేడం! పేరు చెప్పను. మాలో ఎవరం ఏనాడూ ఆమెను పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాయాలన్నా చెయ్యి రాదు.

నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చునే రకమా! అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువుల కోసం చదివే మాలాంటివాళ్ళకు ప్రాక్టీసు పేపర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. మొదట్లో జిరాక్సు కాగితాలే. తర్వాత పాత శిష్యుడొకడు ఒక వెబ్‌సైటు తయారుచేసి, సర్వర్ కొనిపించి, "ఇది ఆగకుండ చూస్కోండి మేడం, అంతే" అని చెప్పి, ఉద్యోగం వచ్చి పుణె వెళ్ళిపోయాడు. సర్వర్ అంటే మరేం లేదు, ప్రశ్నలన్నీ కడుపులో దాచుకుని, ఎవరు ఎక్కణ్ణుంచి అడిగినా పంపించి, వాళ్ళ జవాబులు దిద్ది మార్కులు వేసే కంప్యూటర్ పెట్టె. దానికి వేడి తగలకూడదు, కరెంటు పోకూడదు, ఇంటర్నెట్ తెగకూడదు. అలాంటి పెట్టె ఉండే చోటు చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి పైఅంతస్తు అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

అబ్బబ్బ, ఆ ఇల్లు చూడాలి! ఇంటికంతటికీ ఒక్కటే ఏసీ. అది పడకగదిలో. ఆ పడకగదిలో మంచం లేదు, సర్వర్ ఉంది. మే నెలలో కూడా మేడం వాళ్ళాయన హాల్లో చాప మీద, టేబుల్ ఫ్యాన్ ముఖానికి పెట్టుకుని పడుకునేవారు. ఆయన్ని మేమంతా సార్ అనేవాళ్ళం, మేడం కూడా సారూ అనే పిలిచేవారు. నేనెప్పుడు వెళ్ళినా ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "రా బిడ్డా, లోపల దొరవారికి సల్లగనే ఉన్నది, మాకే జర ఉడ్కపోస్తున్నది" అనేవారు. మేడం వదిలేవారా! "మీకు ఉడ్కపోస్తే స్నానం చేస్తరు. అది చేస్తదా?"

మరి ఆ చల్లదనం వృథా పోకూడదు కదా, ఇడ్లీపిండి గిన్నె, కరివేపాకు, మామిడిపళ్ళ బుట్ట కూడా ఆ గదిలోనే. వస్తూ పోతూ మేడం సర్వర్ పక్కన ఒంగి, అరచేయి తిప్పి వెనకవైపు ఆనించి చూసేవారు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. ఇంకో చట్టం ఉండేది ఆ ఇంట్లో. వంటింట్లో మిక్సీ వేస్తే లైట్లు మసకబారి సర్వర్ బ్యాటరీ కీచుమనేది. అందుకని పరీక్ష ఉన్న ఆదివారం పచ్చడి బంద్. సార్‌కు పచ్చడి లేనిదే ముద్ద దిగదు. పాపం, మార్కెట్ పక్క మెస్సుకు వెళ్ళి పచ్చడి కట్టించుకొచ్చేవారు.

నేను నల్గొండ వైపు ఊరి నుంచి గ్రూప్స్‌కు చదవడానికి వచ్చినదాన్ని. చదివాను, రాశాను, రాలేదు. మళ్ళీ రాశాను, మళ్ళీ రాలేదు. ఇక ఇంట్లోవాళ్ళ మాటలు పడలేక ఉద్యోగం వెతుక్కుంటే, గచ్చిబౌలి వైపు ఒక డేటా సెంటర్ కంపెనీలో మార్కెటింగ్ పని దొరికింది. మొట్టమొదటి కస్టమర్‌గా ఎవరిని పట్టుకోవాలా అని ఆలోచించే పనే లేకపోయింది. నోట్లో కొత్త ఉద్యోగం మిఠాయి ఇంకా కరగకముందే మేడం ఇంటి మెట్లెక్కాను.

"మేడం, మీ సర్వర్ మా దగ్గర పెట్టున్రి."

"మీ దగ్గర ఏడ పెడ్తవే? హాస్టల్ల నీకే మంచం సరిగ లేదు!"

"నా దగ్గర కాదు మేడం, మా కంపెనీల. పెద్ద బిల్డింగ్. బ్యాంకులయి, దవాఖానలయి, దుకాన్లయి, అందరి సర్వర్లు ఆడనే ఉంటయి. సర్వర్ మీదే. జాగ, కరెంటు, ఏసీ, నెట్టు మావి. నెలనెల కిరాయి కడితే సాలు."

మేడం కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి నన్ను తేరిపార చూశారు. "అంటే గ్రూప్స్ ఇడిచిపెట్టి, పెట్టెలకు కిరాయి అర్రలు సూపిస్తున్నవా? మంచిగుంది! బ్రోకర్ పిల్లవైనవన్నమాట!"

సార్ హాల్లోంచి ఆశగా తల ఎత్తారు. "పంపరాదా మేడం? అది పోతే ఆ అర్రల మంచమేస్కుంట."

"మీరు ఊకోండి సారూ! ఇంత ఇల్లు పెట్టుకొని నా పెట్టెను కిరాయికి పంపుతనా? నా కండ్ల ముంగట లేకుంటే అది నాదెట్ల అయితది?" తర్వాత నాకేసి తిరిగి, "చాయ్ తాగి పో బిడ్డా. కోపమొచ్చిందా?" అన్నారు. కోపం రాలేదుగానీ పిచ్చి పట్టుదల పట్టుకుంది. బొమ్మలతో, బాణాలతో కాగితాలు తయారుచేసి వారానికోసారి వెళ్ళి చదివి వినిపించేదాన్ని. మేడం శ్రద్ధగా విని, చివర్లో, "ఇంగ్లీషు మంచిగొచ్చింది నీకు" అని మెచ్చుకుని పంపించేవారు.

ఇంతలో నవమి వచ్చింది.

ఆ ఏడు నవమి సరిగ్గా ఆదివారం నాడే పడింది. మేడం ఆయుధపూజకు పీట వేశారు. దాని మీద కుట్టుమిషను కత్తెర, సార్ స్కూటర్ తాళంచెవి, కత్తిపీట. పీట పక్కన సర్వర్. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. బాగానే ఉంది. కానీ దానికి ముందు ఇంకో పని చేశారు. స్విచ్ ఆపేశారు!

ఎందుకంటే ఆయుధపూజనాడు పనిముట్టుతో పని చేయించకూడదు. కత్తెరతో గుడ్డ కత్తిరించరు, కత్తిపీటతో కూర తరగరు, అవన్నీ ముందురోజే తరిగి పెట్టుకుంటారు. మరి ఏడాదంతా కన్నుమూయకుండా పనిచేసే సర్వర్‌కు ఆ ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వొద్దూ? మేడం లెక్క అది. పండగపూట పరీక్ష ఎవరు రాస్తారులే అనుకుని పిల్లలకు ఒక్క ముక్క చెప్పను కూడా చెప్పలేదు.

రాస్తారండీ! రాయడానికి వచ్చారు. బతుకమ్మకు ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు బస్సులెక్కి దగ్గర్లోని టౌన్లలో నెట్ సెంటర్లకు చేరారు. నేను ఆ పొద్దున మేడం ఇంట్లోనే ఉన్నాను, పులిహోర తింటున్నాను. ఫోన్ మోగింది. అచ్చంపేట దగ్గర పల్లెటూరి అమ్మాయి. వాళ్ళ నాన్న అంబర్‌పేటలో బిల్డింగ్ పనులకు పోతాడు, ఆ అమ్మాయి మేడం పేపర్ల మీదే నమ్మకం పెట్టుకుని చదువుతోంది.

"మేడం, పరీక్ష ఓపెన్ అయితలేదు."

"కథ తర్వాత చెప్పు బిడ్డా. ముందు ఆన్‌ల ఉన్నదా, ఆఫ్‌ల..." మేడం నోరు అక్కడే ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి దండ వేసుకుని కూర్చున్న సర్వర్ వైపు చూశారు.

నేను, సార్ ఇద్దరం ఒక్కసారే అన్నాం, "ఆన్ చేద్దాం మేడం!" ఊహూ. పూజలో పెట్టినదాన్ని దశమి పొద్దున ఉద్వాసన చెప్పకముందే లేపితే అపచారం. ఆపై గంటసేపు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మేడం ఒక్కొక్కరికి సర్ది చెబుతూ చెమటలు కక్కారు. ఆఖరికి అచ్చంపేట అమ్మాయి మళ్ళీ చేసింది. "పండుగ పూట బయటికి పోనియ్యమంటే ఇంట్ల ఏడ్చి ఒప్పించి వచ్చిన మేడం. ఇంక కూసోమంటరా, పొమ్మంటరా?"

మేడం ఫోన్ పెట్టేసి, అమ్మవారికి దండం పెట్టి, చెంపలు వాయించుకుని స్విచ్ వేశారు. అది లేస్తేనా! పసుపూ కుంకుమా గాలి పోయే కంతల్లోకి దిగాయి. బంతిరేకులు లోపలి ఫ్యానుకు చుట్టుకున్నాయి. గుర్రుమంటుంది, ఆగిపోతుంది. దాన్ని విప్పి, పెయింటు బ్రష్షుతో దులిపి, లేపేసరికి మధ్యాహ్నం దాటింది. నెట్ సెంటర్లలో ఒక్కరూ లేరు.

మేడం ఆ గది గడపలోనే కూలబడి ఏడ్చారు. ఆమె ఏడవడం నేను చూడటం అదొక్కసారే. "దేవుని పేరు మీద పిల్లల నోట్ల మన్ను కొట్టిన సారూ" అన్నారు. సార్ తన తువ్వాలు ఇచ్చారు.

కబురు హాస్టళ్ళ నిండా పాకిపోయింది. "మేడం సర్వర్ దసరాకు అమ్మగారింటికి పోయిందట" అని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారుగానీ, చాలామంది వేరే వాళ్ళ పరీక్షలకు మారిపోయారు. అసలు పరీక్షకు ముందు గ్రాండ్ టెస్ట్ ఒక్కటి మిగిలింది. అది గనక సరిగా జరగకపోతే మేడం ఇన్నేళ్ళ కష్టం మట్టిలో కలిసిపోవలసిందే, ఆ మాట ఆమెకూ తెలుసు. దశమి వెళ్ళిన మర్నాడు నాకు ఫోన్ చేశారు.

"నీ కిరాయి అర్ర ఇంక ఖాళీగనే ఉన్నదా?"

నేను హాస్టల్ మెట్ల మీద ఎగిరి గంతేశాను!

డేటా సెంటర్ చూడటానికి మేడం ఎలా వచ్చారనుకున్నారు? పట్టుచీర కట్టుకుని, సంచిలో నీళ్ళసీసా, టార్చిలైటు పెట్టుకుని వచ్చారు. కింది వాటా అద్దెకిచ్చే ఇంటామె కదా, కిరాయి ఇల్లు ఎలా చూడాలో ఆమెకొకరు నేర్పాలా! టై కట్టుకున్న మా మేనేజరు పాపం ఇంగ్లీషులో మొదలుపెట్టబోయాడు. మేడం చెయ్యెత్తి ఆపారు.

"అవన్ని తర్వాత. కరెంటు పోతే?"

"రెండు వేరువేరు వైపుల నుంచి లైన్లు ఉన్నాయి మేడం. ఒకటి పోతే ఇంకోటి."

"రెండు పోతే?"

"బ్యాటరీలు. అవి అయిపోయేలోపు జనరేటర్లు అందుకుంటాయి."

"బంద్ నడుస్తున్నది, డీజిల్ దొరకలే. అప్పుడు?" తెలంగాణ ఉద్యమం నడిచే ఆ రోజుల్లో వారం విడిచి వారం బంద్, అడగాల్సిన ప్రశ్నే.

"ట్యాంకుల్లో నిల్వ ఉంటుంది మేడం."

"నెట్టు? మా చిక్కడపల్లిల రోడ్డు తవ్వినప్పుడల్ల వైరు తెగ్గొడ్తరు."

"నాలుగు కంపెనీల లైన్లు వస్తాయి. ఒకటి తెగినా మిగతావి పనిచేస్తాయి."

"మంచిది. పక్క అర్రలోళ్ళు ఎవరు?"

"అది చెప్పకూడదు మేడం."

"చెప్పకపోతే ఎట్ల నాయనా? మంచోళ్ళో కాదో ఎరుక కావొద్దా?" అని దబాయించి, మళ్ళీ తనే ఆలోచించుకుని తలూపారు. "సరే తీ. వాళ్ళ సంగతి నాకు చెప్తలేవంటే, నా సంగతి వాళ్ళకు చెప్పవు. గదే కావాలె."

లోపలికి అడుగుపెట్టగానే చలి. వరుసగా నల్లటి ఇనుప అల్మారాలు, ఒక్కోదానికి ఒక్కో తాళం, లోపల మినుకుమినుకుమనే పచ్చదీపాలు, చెవులు హోరెత్తే గాలి. మేడం కొంగు తలమీదికి కప్పుకుని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఏమనుకున్నారో, తలుపు తీసి ఉన్న ఒక అల్మారాలోకి ఒంగి ఎవరిదో సర్వర్‌కు అరచేయి వెనకవైపు ఆనించారు. మేనేజరు అదిరిపోయాడు. "మేడం! ముట్టుకోకూడదు!"

"జ్వరం చూస్తున్న నాయనా. సల్లగుంది. మంచిగ చూస్కుంటున్నరు."

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి నా భుజం పట్టుకుని ఊపేశారు. "ఓసి పిచ్చిదానా, గింతేనా! నా ఒక్క పెట్టెకు రెండు కరెంటు లైన్లు, జనరేటరు, కావలోళ్ళు నేను పెట్టుకుంటే ఇల్లు అమ్ముకోవాలె. గంతమంది కలిసి పెట్టుకుంటే తలా ఇంత పడ్తది. అపార్ట్‌మెంటోళ్ళందరు కలిసి ఒక్క లిఫ్టు పెట్టుకున్నట్టు! పెట్టె నాదే, లిఫ్టు అందరిది. గీ ముక్క ముందే చెప్పొద్దా?"

"చెప్తనే ఉన్న గదా మేడం, ఇన్ని వారాల సంది!"

"నువ్వు ఇంగ్లీషుల చెప్పినవ్."

చేర్పించేరోజు ఆటోలో సర్వర్ మేడం ఒళ్ళో, నేను పక్కన, సార్ డ్రైవర్ పక్కన ఇరుక్కుని. నారాయణగూడ దాటిందో లేదో, గుంతలో చక్రం పడినప్పుడల్లా "మెల్లగ నాయనా, మెల్లగ!" అని కేకలు. అశోక్‌నగర్‌లో పిల్లల్ని హాస్టళ్ళలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్ని ఎన్నోసార్లు చూశాను, అచ్చం అదే హడావిడి. చూడటానికి ఎవరెవరు రావొచ్చు, ఎప్పుడు రావొచ్చు, ఏదన్నా అయితే ఎవరు ఫోన్ చేస్తారు, రాత్రిపూట ఎవరుంటారు, అన్నీ అడిగారు. లోపలికి వెళ్ళగలిగేవాళ్ళ పేర్లు రాసుకుంటూ గార్డు "మీరు ఏమవుతారు మేడం?" అంటే, తన మెడలో వేసిన గుర్తింపు కార్డు సర్దుకుంటూ, "పేరెంట్‌ను" అన్నారు. గార్డు అదే రాసుకున్నాడు!

సంచిలోంచి కుంకుమభరిణె తీయగానే మాత్రం మేనేజరు అడ్డుపడ్డాడు. పొడి పదార్థం ఏదీ లోపలికి పోకూడదు. మేడం ముఖం చిన్నబోయింది. వాదించలేదు, నవమి దెబ్బ ఇంకా మానలేదు కదా. ఒక్క క్షణం ఆలోచించి, తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి సర్వర్ ముందుభాగాన అతికించారు. "దీనికి పొడి రాలదు గదా?" మేనేజరు వంగి పరీక్షగా చూసి, "రాలదు మేడం" అని ఒప్పుకున్నాడు. నాకైతే ఈల వేయాలనిపించింది.

ఆ రాత్రి నుంచే ఏసీ గదిలో సార్ మంచం పడింది. మేడం మాత్రం హాల్లోనే పొర్లారట, లోపలి నుంచి సర్వర్ హోరు వినబడక నిద్ర పట్టలేదని.

గ్రాండ్ టెస్ట్ ఆదివారం నన్ను పొద్దున్నే రమ్మన్నారు. అలిగి వెళ్ళినవాళ్ళలో సగం మందిని మేడం ఫోన్లు చేసి బతిమాలి, "ఈ ఒక్కసారి నమ్మున్రి బిడ్డా" అని ఒప్పించారు. అచ్చంపేట అమ్మాయి ఒక పట్టాన ఒప్పుకోలేదు. "మళ్ళ ఆగిపోతే మేడం?" అని అడిగింది. "ఆగదు" అన్నారుగానీ ఫోన్ పెట్టాక నాకేసి తిరిగి, "ఆగదు గదా?" అని అడిగారు. పరీక్ష మొదలైంది. మేడం ఇంట్లో కంప్యూటర్ మీద ఒక్కొక్క పేరే, పక్కన ఊరుతో సహా, పైకి వస్తోంది. మహబూబ్‌నగర్, రాంనగర్, కరీంనగర్, అశోక్‌నగర్. పేరు కనిపించినప్పుడల్లా మేడం చప్పట్లు కొడుతున్నారు. అచ్చంపేట పేరు కూడా వచ్చింది! "వచ్చింది సారూ, పిల్ల వచ్చింది!" అని సార్ వీపు మీద ఒక్కటి చరిచారు.

సరిగ్గా అప్పుడు టప్పున కరెంటు పోయింది.

కంప్యూటర్ నల్లబడింది. ఫ్యాను ఆగింది. వీధిలో ఒక్కో ఇంటి నుంచీ "పోయిందా? మీకు గూడ పోయిందా?" అని కేకలు. మేడం చటాలున లేచి పడకగదిలోకి పరుగెత్తారు. అక్కడ సార్ మంచం తప్ప ఏముంది! మంచం చూసి నిలబడిపోయారు. "పోయింది బిడ్డా. మళ్ళ పోయింది" అన్నారు.

"మేడం, సర్వర్ ఇక్కడ లేదు మేడం! గచ్చిబౌలిల ఉన్నది!"

"ఆడ గూడ పోతే?"

"పోయినా ఆగదు మేడం. మీరే గదా అన్ని అడిగిన్రు!"

తెలుసు, అన్నీ తెలుసు. తన నోటితో అడిగి, తన చెవులతో విని వచ్చారు. అయినా మనసు ఊరుకుంటుందా! ఫోన్ తీసి, అచ్చంపేట అమ్మాయికి కలిపారు. మోగుతోంది, ఎత్తడం లేదు. సార్ లేచి ఆమె పక్కన నిలబడ్డారు. మళ్ళీ కలిపారు. ఈసారి ఎత్తింది.

"బిడ్డా, నేను. వస్తున్నయా? ప్రశ్నలు కనవడ్తున్నయా?"

అవతల్నుంచి ఆ అమ్మాయి గొంతు నాకూ వినిపించింది. విసుగ్గా, గబగబా.

"మంచిగ వస్తున్నయ్ మేడం. ఇంక చానా ఉన్నయ్. ఫోన్ పెట్టెయ్యున్రి, నా టైం పోతున్నది."

పెట్టేసింది. మేడం ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి తీసి దానికేసి చూశారు, తర్వాత మాకేసి చూశారు. ఎన్నేళ్ళు బతికినా ఆ ముఖం మర్చిపోను, ముఖమంతా వెలుగు. "ఇన్నరా సారూ? నన్ను నోరు మూస్కోమన్నది!" సార్ ఏదో అనబోయారు. మేడం గభాలున పెదాల మీద వేలు పెట్టి, గొంతు బాగా తగ్గించి అన్నారు.

"ష్! మాట్లాడకున్రి. పిల్లలు పరీక్ష రాస్తున్నరు."

ఆ ఇంట్లో పరీక్ష రాసే పిల్లలెవరూ లేరు. అయినా కరెంటు లేని చిక్కడపల్లిలో, ఉక్కపోతలో, ఆ పరీక్ష పూర్తయ్యేదాకా మేం ముగ్గురం ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాం.